కొత్త బండి, గేరు దగ్గర పేచీ

డెలివరీ రోజున గేర్‌బాక్స్ గురించి ఎవరూ ఆలోచించరు. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, బానెట్‌కి పసుపు కుంకుమ పెట్టి, ఫొటోలు దిగి ఇంటికొచ్చేస్తాం. రెండో వారంలో, ఆఫీసు వదిలాక, మైండ్‌స్పేస్ దగ్గరో బెంజి సర్కిల్ దగ్గరో బండ్లు అంగుళం అంగుళం జరుగుతుంటాయి. అప్పుడు మొదటి గేర్లోకి దిగుతూ బండి ఒక్క కుదుపు కుదుపుతుంది. మర్నాడు మళ్లీ. ఆ తర్వాత ఒకరోజు పక్క సీట్లో కూర్చున్న సహోద్యోగి అడగనే అడుగుతాడు, "ఏంటి గురూ, కొత్తదేగా?" అని.

ఇలాంటప్పుడు ఉద్యోగం చేసుకునేవాడి ఇబ్బంది వేరు. వర్క్‌షాప్ తెరిచే వేళకే మన లాగిన్ టైము. ఒక పూట సెలవు పెట్టి తీసుకెళ్తే ఆ పూట బండి బుద్ధిగా ఉంటుంది. సర్వీస్ అడ్వైజర్ వీధి చివరిదాకా ఒక రౌండు వేసి వచ్చి "ఏం లేదు సార్, ఈ మోడల్‌కి ఇంతే" అంటాడు. లేదా "వెయ్యి కిలోమీటర్లు తిరిగితే సెట్ అవుతుంది సార్" అంటాడు. సెలవు పోతుంది, కుదుపు మిగులుతుంది. కొందరు సర్దుకుపోతారు, కొందరు షోరూమ్‌లో అరిచి వస్తారు. రెండిట్లోనూ బండి బాగుపడదు. లోపం ఎప్పుడు, ఏ వేగంలో, ఎలా వస్తుందో వర్క్‌షాప్ వాళ్ల చేతే వాళ్ల కాగితం మీద రాయించగలిగినవాడికే పని జరుగుతుంది. సలహా మొత్తం ఇంతే. మిగిలినదంతా ఆ రాయించడం ఎలా అన్నదే.

ముందు, మీకొస్తున్నది లోపమా, ఆ రకం గేర్‌బాక్స్ స్వభావమా అన్నది తేల్చుకోవాలి. ఆటోమేటిక్ అని అన్నిటినీ ఒకే పేరుతో పిలిచేస్తాం గానీ మన రోడ్ల మీద ప్రధానంగా నాలుగు రకాలు తిరుగుతున్నాయి. అన్నిట్లోకీ చౌక ఏఎంటీ. 2014లో మారుతి సెలెరియోతో ఇది మన మధ్యతరగతి ఇళ్లకు చేరింది. లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. మన కాలూ చెయ్యీ చేసే పనిని చిన్న యంత్రాలు చేస్తాయి. క్లచ్ విడిచి, గేరు మార్చి, మళ్లీ క్లచ్ పట్టేలోపు ఇంజన్ లాగు ఒక్క క్షణం తెగుతుంది గనక తల కొంచెం ముందుకు ఊగుతుంది. అది లోపం కాదు. ఖాళీ రోడ్డు మీద తిప్పిన టెస్ట్ డ్రైవ్‌లో మనం గమనించలేదు, అంతే. సీవీటీలో అసలు మెట్లు మెట్లుగా గేర్లు ఉండవు, రెండు పుల్లీల మధ్య బెల్టు తిరుగుతుంటుంది. గట్టిగా తొక్కితే ముందు ఇంజన్ మోత లేస్తుంది, వేగం ఆనక వస్తుంది. దానికీ కంగారు పడక్కర్లేదు. టార్క్ కన్వర్టర్ మామూలుగా మెత్తగా నడుస్తుంది. అందులో గట్టి కుదుపు వస్తే మాత్రం అనుమానించాల్సిందే.

నాలుగోది డీసీటీ. బేసి గేర్లకి ఒక క్లచ్, సరి గేర్లకి ఇంకో క్లచ్. ఒకటి పనిచేస్తుండగానే రెండోది తర్వాతి గేరును సిద్ధంగా పట్టుకుని ఉంటుంది కాబట్టి హైవే మీద దీనంత సుఖం ఇంకొకటి లేదు. చిక్కంతా ఊళ్లోనే. ఇందులో డ్రై క్లచ్ రకం నూనెలో మునిగి ఉండదు, గాలికే చల్లారాలి. ట్రాఫిక్‌లో పాకుతున్నంతసేపూ క్లచ్ సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతుంది. అలా వేడెక్కిన క్లచ్ వణుకుతుంది, కుదుపుతుంది, ఇంకా ముదిరితే స్క్రీన్ మీద హెచ్చరిక వచ్చి బండిని ఆపమంటుంది. హైదరాబాద్ సాయంత్రాలకు ఈ రకం ఎంతవరకు సరిపోతుందో కొనేముందే ఆలోచించుకోవాలని నా అభిప్రాయం. రోజూ గంటసేపు బంపర్‌కి బంపర్ ఆనించి నడిపేవాళ్లకి టార్క్ కన్వర్టరో, సీవీటీయో నయం.

ఈ డ్రై క్లచ్ డీసీటీలతోనే ప్రపంచంలో పెద్ద పెద్ద కంపెనీలు ఇరుక్కున్నాయి. చైనాలో 2013 మార్చి 15న ప్రభుత్వ టీవీ ఒక కార్యక్రమంలో ఫోక్స్‌వాగన్ డీఎస్‌జీ గేర్‌బాక్సుల మీద కొనుగోలుదారుల గోడును ప్రసారం చేస్తే, కొద్ది రోజుల్లోనే కంపెనీ 3,84,181 కార్లను రీకాల్ చేసింది. ఆస్ట్రేలియాలో ఫోర్డ్ కథ మనకింకా దగ్గరిది. ఫియెస్టా, ఫోకస్, ఎకోస్పోర్ట్ కార్లలో పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్స్ వణుకుతోందని జనం వస్తే, అది మీరు నడిపే తీరు వల్లే అని కంపెనీ తిప్పి పంపింది. గేర్‌బాక్స్‌లో ఇబ్బందులున్నాయని అప్పటికే దానికి తెలుసు. 2015 మే నుంచి 2016 ఫిబ్రవరి వరకు ఫిర్యాదుదారులతో వ్యవహరించిన తీరు న్యాయవిరుద్ధమని ఫెడరల్ కోర్టు 2018 ఏప్రిల్‌లో కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. గేర్‌బాక్స్ చెడినందుకు వేసిన జరిమానా కాదిది, మనుషులకు అబద్ధం చెప్పి పంపినందుకు. "మీ డ్రైవింగ్ స్టైల్ సార్" అన్న మాట మీ చెవిన పడ్డప్పుడు ఈ కేసు గుర్తుంచుకోండి.

అలాగని ఆ మాట ఎప్పుడూ అబద్ధమూ కాదు. ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్ ఆగితే బ్రేకు మీద కాలు పెట్టకుండా, యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కి బండిని వాలులో నిలబెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఏఎంటీ, డీసీటీలకు అది విషం. ముందు బండి జానెడు జరగగానే మనమూ జానెడు జరగడం కూడా అంతే. కాస్త ఎడం రానిచ్చి ఒకేసారి కదలాలి. బండి పూర్తిగా ఆగకుండా రివర్స్ నుంచి డ్రైవ్‌కి లాగకూడదు. పార్కింగ్ ర్యాంపు మీద చాలామంది ఫిర్యాదు చేసే ఆ "టక్" శబ్దం సంగతి ఇంకా తేలిక. ముందే పార్క్ గేరు వేసి బ్రేకు వదిలితే బండి బరువంతా గేర్‌బాక్స్‌లోని చిన్న పంటి మీద పడి అలా శబ్దం వస్తుంది. బ్రేకు తొక్కి, న్యూట్రల్లో హ్యాండ్‌బ్రేక్ వేసి, కాలు కొద్దిగా వదిలి బరువు హ్యాండ్‌బ్రేక్ మీదికి వచ్చాక పార్క్‌లో పెడితే ఆ శబ్దమే ఉండదు. ఈ అలవాట్లు ఒక వారం మార్చి చూడండి. కుదుపు పోతే సెలవు మిగిలినట్టే.

పోకపోతే, అసలు లోపం లక్షణాలు ఇవి. డ్రైవ్‌లో పెట్టాక బండి కదలడానికి రెండు మూడు సెకన్లు తీసుకుని ఒక్కసారి దూకడం. ఇంజన్ మోత లేస్తున్నా వేగం రాకుండా జారిపోవడం, ముఖ్యంగా ఏఎంటీ, టార్క్ కన్వర్టర్లలో. రివర్స్ పడకపోవడం, పడ్డా కదలకపోవడం. నడుస్తూ నడుస్తూ తానే న్యూట్రల్‌కి వెళ్లిపోవడం. ఒక గేర్లోనే ఇరుక్కుపోయి పైకి ఎక్కకపోవడం. డ్యాష్‌బోర్డ్ మీద గేరు గుర్తు వెలగడం. కొన్నాళ్లకే ఇంటి ముందు నేల మీద నూనె చుక్కలు. మాన్యువల్ బండైతే కొత్తలో గేరు కొంచెం బిగుసుగా పడటం, చల్లటి ఉదయం రివర్స్ రెండోసారికి గానీ పడకపోవడం మామూలే. అయితే వేసిన గేరు జారి బయటికి వచ్చేయడం, క్లచ్ వదులుతుంటే బండంతా వణకడం, ప్రతి డౌన్‌షిఫ్ట్‌కీ గరగరమనడం మామూలు కాదు.

నడుస్తున్న బండి లాగు వదిలేస్తే అది ప్రాణానికి సంబంధించిన విషయం. ఓఆర్‌ఆర్ మీద అలా జరిగితే ఎడమ అంచుకు తెచ్చి, హజార్డ్ లైట్లు వేసి, బండిలోంచి దిగి రెయిలింగ్ అవతల నిలబడండి. జాతీయ రహదారి మీదైతే 1033కి ఫోన్ చేయొచ్చు. సాయానికి వచ్చినవాళ్లు తాడు కట్టి లాగుతామంటే ఒప్పుకోకండి. చాలా ఆటోమేటిక్‌లను ఇంజన్ తిప్పే చక్రాలు నేల మీద దొర్లిస్తూ లాగితే గేర్‌బాక్స్ లోపల కాలిపోతుంది. ఫ్లాట్‌బెడ్ పిలవాలి. తాడు కట్టి లాక్కొచ్చారని తెలిస్తే వారంటీ ఎగ్గొట్టడానికి అదొక సాకు.

ఇక వర్క్‌షాప్‌కి వెళ్దాం. బండి లోపలికి వెళ్లే ముందు అడ్వైజర్ ట్యాబ్‌లో జాబ్ కార్డ్ తెరుస్తాడు. అందులో కస్టమర్ ఫిర్యాదు రాసే గడి ఒకటి ఉంటుంది. మీరు అయిదు నిమిషాలు వర్ణించి చెప్పిందాన్ని అతను "గేర్ షిఫ్టింగ్ చెక్" అని మూడు మాటల్లో కొట్టేస్తాడు. పాపం, అతని వెనక ఇంకా బోలెడు బండ్లు వరసలో ఉంటాయి. కానీ రేపు వ్యవహారం ముదిరితే మీకు సాక్ష్యం ఆ మూడు మాటలే. చెక్ చేశాం, బాగుంది, పంపించేశాం అని వాళ్లంటారు. అందుకని ముందురోజు రాత్రే ఫోన్‌లో నాలుగు వాక్యాలు రాసి పెట్టుకోండి. "ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు నడిచి ఇంజన్ వేడెక్కాక, 15 కి.మీ. లోపు వేగంలో 2 నుంచి 1కి దిగేటప్పుడు గట్టి కుదుపు. ఏసీ వేసి ఉంటే ఎక్కువ. ఉదయం చల్లటి బండిలో రాదు. మొదట 640 కి.మీ. దగ్గర గమనించాను." దీన్నే అడ్వైజర్‌కి వాట్సాప్ చేసి, అలాగే ఎక్కించమనండి.

"సిస్టమ్‌లో అంత పొడుగు పట్టదు సార్" అంటాడు.

"పట్టినంత కొట్టండి బ్రదర్. మిగతాది ప్రింటు తీశాక చేత్తో రాసి సంతకం పెట్టండి."

నవ్వుతూనే అడగొచ్చు. చాలామంది పెడతారు. ఒప్పుకోకపోతే అక్కడే నిలబడి ఆ జాబ్ కార్డ్ నంబర్ వేసి అదే మాటల్ని డీలర్‌కి ఈమెయిల్ చేయండి.

తర్వాతి మెట్టు, లోపాన్ని వాళ్ల ముందు చూపించడం. ఉదయం తొమ్మిదికి చల్లటి బండిని తీసుకెళ్తే వేడిలో వచ్చే కుదుపు ఎలా కనబడుతుంది? శనివారం సాయంత్రం స్లాట్ అడగండి. దారిలోనే బండిని ట్రాఫిక్‌లో వేడెక్కించి వెళ్లండి. టెస్ట్ డ్రైవ్‌కి అడ్వైజర్‌ని కాదు, టెక్నీషియన్‌నో ఫ్లోర్ సూపర్‌వైజర్‌నో పక్కన కూర్చోబెట్టుకుని మీరే నడపండి. మీకు కుదుపు వచ్చే దారిలోనే, మీరు నడిపే తీరులోనే. వీడియో కావాలంటే పక్కనున్నవాళ్లు తీయాలి, స్టీరింగ్ పట్టుకున్నవాళ్లు కాదు. ఫ్రేములో స్పీడోమీటర్, గేరు అంకె, కిలోమీటర్లు కనబడాలి. "ఈ మోడల్‌కి ఇంతే" అన్నప్పుడు మాత్రం ఇంకో పని చేయండి. వాళ్ల డెమో కారునే అదే దారిలో నడిపి చూపించమనండి. అదీ అలాగే కుదిపితే మీ వాదన సగం తగ్గుతుంది, ఒప్పుకోవాలి. అది మెత్తగా నడిస్తే వాళ్ల వాదన అక్కడితో సరి.

స్కానర్ పెట్టి చూశాం, ఎర్రర్ ఏమీ లేదంటే ఆ స్కాన్ రిపోర్ట్ ప్రింట్ అడగండి. ఉంటే కోడ్ ఏమిటో ఇన్‌వాయిస్ మీద రాయించండి. పీ0700 అంటే గేర్‌బాక్స్ కంట్రోల్ వ్యవస్థ ఏదో లోపం పట్టిందని, పీ0730 అంటే వేసిన గేరుకీ తిరుగుతున్న వేగానికీ పొత్తు కుదరలేదని. ఇవి అన్ని కంపెనీలకీ ఒకటే. కోడ్ లేనంత మాత్రాన లోపం లేదని కాదు. క్లచ్ వణుకు చాలాసార్లు కోడ్ వేయదు. ఇంకో చిన్న విషయం కూడా అడిగి చూడండి, బ్యాటరీ. యార్డ్‌లో నెలల తరబడి పడి ఉన్న బండి బ్యాటరీ నీరసించి ఉంటే ఏఎంటీ, డీసీటీల ఎలక్ట్రానిక్స్ తిక్కతిక్కగా ప్రవర్తిస్తాయి. బయట వైర్లు కోసి బిగించిన మ్యూజిక్ సిస్టమ్, ఫాగ్ లైట్లు ఉంటే అవి ముందు తీయించండి. లేకపోతే మొదటి వేలు వాటి వైపే చూపిస్తారు.

మొదటి చికిత్స చాలావరకు సాఫ్ట్‌వేర్‌తోనే. కొత్త అప్‌డేట్ వేసి, క్లచ్ ఎక్కడ పట్టాలో కంప్యూటర్‌కి మళ్లీ నేర్పిస్తారు. దాన్నే రీలెర్న్ అంటారు. నిజంగానే దీంతో చాలా బండ్లు కుదురుకుంటాయి, తీసిపారేయకండి. కానీ ఏ వెర్షన్ తీసి ఏ వెర్షన్ వేశారో ఇన్‌వాయిస్ మీద ఉండాలి. డబ్బులు తీసుకోని పనికి కూడా సున్నా బిల్లు ఇప్పించుకోండి. ఉచితంగా చేశాం కదా బిల్లెందుకు అంటారు. ఆ సున్నా బిల్లే రేపు "మూడుసార్లు తెచ్చాను" అనడానికి రుజువు. బండి తీసుకునేటప్పుడు "పని తృప్తికరం" అని గేట్ పాస్ మీద సంతకం పెట్టమంటారు. నడిపి చూడకుండా పెట్టకండి, పెడితే "నడిపి చూడాల్సి ఉంది" అని పక్కన రాయండి. సాయంత్రం కాల్‌సెంటర్ నుంచి రేటింగ్ అడిగితే, పాపం అడ్వైజర్ ఉద్యోగం అని పదికి పది వేసేస్తాం. అదీ రికార్డే.

మళ్లీ అదే వస్తే డీలర్‌ని దాటి కంపెనీకి రాయాలి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి, తర్వాత అంతా ఈమెయిల్‌లోనే. ఏరియా సర్వీస్ మేనేజర్ ఫోన్లో ఏదైనా మాటిస్తే, ఆఫీసులో మీటింగ్ అయ్యాక మినిట్స్ పంపినట్టే ఆ సాయంత్రం రాసి పంపండి. "ఈరోజు మీరు క్లచ్ యాక్చువేటర్ మారుస్తామని, బండి మూడు రోజులు ఉంచుకుంటామని చెప్పారు" అని. ఆ మూడు రోజుల క్యాబ్ బిల్లులు ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. వారంటీ బుక్‌లెట్‌లో క్లచ్ ప్లేట్ అరుగుదల భాగాల కింద ఉందేమో కూడా చూసుకోండి, చాలా కంపెనీలు అలాగే రాస్తాయి. ఆలస్యం చేసేకొద్దీ "అరిగింది సార్" అనడం తేలిక. అందుకే మొదటి నెలలోనే కాగితం మొదలవ్వాలి.

కోపం వచ్చి ఈఎంఐ ఆపేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అప్పిచ్చిన బ్యాంకుకి మీ గేర్‌బాక్స్‌తో సంబంధం లేదు. దెబ్బతినేది మీ సిబిల్ స్కోరు, రేపటి ఇంటి లోను. జీతంలోంచి కోయించుకుని ఆఫీసు ద్వారా లీజుకు కారు తీసుకున్నవాళ్లు ఆర్‌సీ ఎవరి పేరున ఉందో చూసుకోవాలి. యజమాని లీజు కంపెనీ అయితే మొదటిరోజే వాళ్లకూ, హెచ్‌ఆర్‌కూ రాసి, ఫిర్యాదు చేయడానికి అధికార పత్రం తెచ్చుకోవాలి.

కోర్టు దాకా వెళ్తే ఏమవుతుంది? అమెరికాలో ఉన్న మనవాళ్లు లెమన్ లా అని చెబుతుంటారు. కాలిఫోర్నియాలో అయితే కొన్న 18 నెలలు లేదా 18,000 మైళ్లలోపు ఒకే లోపానికి నాలుగుసార్లు తిప్పినా, ప్రాణాపాయమైన లోపానికి రెండుసార్లు తిప్పినా, మొత్తం 30 రోజులకు పైగా షెడ్డులో ఉన్నా బాగుచేయడానికి వాళ్లకు తగినన్ని అవకాశాలు ఇచ్చినట్టే లెక్క. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టమే దిక్కు. వారంటీ మాట ఇచ్చేది చెడ్డ భాగాన్ని బాగుచేయడానికో మార్చడానికో తప్ప బండి మొత్తం మార్చడానికి కాదని మారుతి ఉద్యోగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే కొత్త బండి ఇవ్వండి అన్న ఒక్క కోరికతోనే వెళ్తే నిరాశే మిగలొచ్చు. ఎన్ని రిపేర్లు చేసినా పోని తయారీ లోపమని రుజువైతేనే రీఫండ్ దాకా వెళ్తుంది. ఆ రుజువు భారం కొన్నవాడిదే, నిపుణుడి రిపోర్టు లేకుండా గట్టిగా నిలబడటం కష్టం. బండిని తగిన ల్యాబ్‌కి పంపి పరీక్ష చేయించమని వినియోగదారుల కమిషన్‌నే కోరవచ్చు, చట్టంలో ఆ వీలుంది.

ముందు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు ఇవ్వండి. చాలా కంపెనీలు అక్కడే మెత్తబడతాయి. కాకపోతే చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్. మీరు ఉండే ఊళ్లోనో ఉద్యోగం చేసే ఊళ్లోనో వేయొచ్చు, కంపెనీ హెడ్డాఫీసు గురుగ్రామ్‌లో ఉంటే అక్కడికి పోనక్కర్లేదు. ఫీజు కూడా భారం కాదు, 5 లక్షల వరకు లేదు, 10 లక్షల వరకు 200, 20 లక్షల వరకు 400, 50 లక్షల వరకు 1,000 రూపాయలు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా పెట్టొచ్చు. గడువు రెండేళ్లు. డీలర్‌నీ తయారీదారునీ ఇద్దర్నీ పార్టీలు చేయాలి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. చట్టం నెలల్లో తేల్చమంటుంది గానీ ఏళ్లు పట్టడం మామూలే, ఆ సంగతి తెలిసే దిగండి. ట్యాక్సీ నడుపుకునే అన్నలకు ఒక మాట. వాణిజ్య అవసరానికి కొన్నవాళ్లు వినియోగదారులు కారని చట్టం అంటుంది. అయితే స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొన్నవాళ్లకు మినహాయింపు ఉంది. ఆ వాక్యం ఫిర్యాదులోనే స్పష్టంగా రాయాలి. బండి షెడ్డులో ఉన్న రోజుల సంపాదన నష్టానికి అంతకుముందు నెలల యాప్ స్టేట్‌మెంట్లు జతచేయాలి.

చాలా కేసులు కమిషన్ దాకా పోవు. గేర్‌బాక్స్ అసెంబ్లీ మారుస్తామనో, వారంటీ పొడిగిస్తామనో కంపెనీ నుంచి కబురు వస్తుంది. ఒప్పుకోవడం తప్పేమీ కాదు. పొడిగింపు ఉత్తరం డీలర్ లెటర్‌హెడ్ మీద కాక తయారీ కంపెనీ నుంచి రావాలి. అందులో మీ ఛాసిస్ నంబర్, గేర్‌బాక్స్, క్లచ్ అన్న పేర్లు, ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు అన్నవి ఉండాలి. ఇకమీదట ఏ క్లెయిమూ చేయనన్న వాక్యం కింద సంతకం అడిగితే, కొత్త గేర్‌బాక్స్‌తో ఒక నెల ఆఫీసుకు వెళ్లొచ్చాక పెడతానని చెప్పండి.